పల్లె గుడిలో బల్ల: అయ్యగారు రాకపోతే ఉపదేశి ఇవ్వకూడదా?

ఉపదేశి_కొడుకు
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ వందనాలు. ఇక్కడ చదువుడే గానీ రాసింది తక్కువ. తప్పుంటే చెప్పండి.

మా పాస్టరేటు కింద 14 ఊర్లు. అయ్యగారు ఒక్కరే. మా ఊరికి బల్లారాధన (ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునేది, మేం బల్ల అంటం) రెండు నెలలకొకసారి వస్తే వచ్చినట్టు, వానకాలం అయితే మూడు నెలలు. మిగతా ఆదివారాలన్నీ మా నాయినే. 27 ఏండ్ల నుంచి ఉపదేశి. ఆరాధన, వాక్యం, ఆదివారబడి, చావైతే సమాధి కార్యక్రమం, మొగుడూ పెళ్ళాం కొట్లాడితే పంచాయితీ, అన్నీ ఆయనే. బల్ల ఒక్కటి మాత్రం అయ్యగారే ఇయ్యాలె.

పోయిన నెల మా వాడలో ఒక ముసలమ్మ మంచం పట్టింది. "బల్ల ఇప్పించు బిడ్డా" అని నాయినను మూడు దినాలు అడిగింది. అయ్యగారికి ఫోన్ చేస్తే వేరే జిల్లాల మీటింగుల ఉన్నరు, గురువారం వస్తనన్నరు. వచ్చిండ్రు కూడా. ఆమె మంగళవారమే పోయింది. ఆ రాత్రి నాయిన ఆమె మంచం పక్కన కూచొని 23వ కీర్తన చదివి, చెంచాతో నీళ్ళు పోసిండు. ఇంట్ల రొట్టె ఉంది, ద్రాక్షరసం సీసా గుడి బీరువాల ఉంది, తాళంచెవి నాయిన జేబులనే ఉంది.

"నన్ను జ్ఞాపకము చేసికొనుటకు దీనిని చేయుడి" అని ప్రభువు అన్నప్పుడు అక్కడ బి.డి. (దైవశాస్త్రం డిగ్రీ) చదివినోళ్ళు ఎవరున్నరు? నాయినను అడిగితే "అది నా పని కాదురా" అని లేచి పోయిండు. నాకు మాత్రం నిద్ర పడతలేదు.

బాప్టిస్టు_బిడ్డ
ఆదివారం, రాత్రి 9:40

తమ్ముడూ, మా ఒంగోలు వైపు రా. పాస్టరుగారు లేకపోతే సంఘం ఒక పెద్దను నిలబెడుతుంది, అయిపోయింది. ఈ అభిషేకాల (గురువుగా చేతులుంచి నియమించడాల) మెట్లన్నీ మీకే. (గొడవకు కాదు, ప్రేమతోనే అంటున్నా.)

గుడిగంట
సోమవారం, ఉదయం 5:55

వందనాలు. రిటైర్డ్ బడిపంతుల్ని, డోర్నకల్ అధ్యక్ష మండలంలో (ఒక బిషప్పు కింది ప్రాంతం) పుట్టి పెరిగినవాణ్ణి. బాబూ, ఆ ముసలమ్మ సంగతి చదివి కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు.

కానీ ఒక్క మాట. బల్ల కోసం ఎదురుచూడడం మన పల్లెలకే వచ్చిన కష్టం కాదు. 1662 నాటి ఇంగ్లండు ప్రార్థన పుస్తకం సభ్యులను ఏడాదికి కనీసం మూడుసార్లు బల్ల తీసుకోమంది, అందులో ఒకటి ఈస్టరు. కనీసం అని రాసినదాన్ని జనం చాలనుకున్నారు. 18వ శతాబ్దంలో అక్కడి పల్లె గుళ్ళలో చాలాచోట్ల ఏడాదికి మూడు నాలుగుసార్లే బల్ల. మిషనరీలు మనకు తెచ్చిన అలవాటులో అది కూడా ఉంది. ప్రతి ఆదివారం బల్ల ఉండాలన్న పట్టుదల ఆ తర్వాతది.

మా డోర్నకల్ అజరయ్య బిషప్పు గారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొందారు. ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి సంప్రదాయపు) సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. పల్లెల్లో బాప్తిస్మం పొందినవాళ్ళ చేత, చెయ్యి నెత్తిన పెట్టించి, "సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ" అనిపించేవారు. కూలివాడైనా సరే, చదువురాని తల్లయినా సరే. ప్రకటించే పని అందరి నెత్తినా పెట్టాడాయన. బల్ల మాత్రం గురువు, అంటే అభిషేకం పొందిన అయ్యగారి చేతిలోనే ఉంచాడు. రెండూ ఒకే మనిషి చేశాడు. అదెందుకో ఆలోచించాలి.

సిడ్నీ_సుధ
సోమవారం, మధ్యాహ్నం 12:20

అన్నా, నువ్వడిగిన ప్రశ్నే ఇక్కడ సిడ్నీ ఆంగ్లికన్లు ఏళ్ళ తరబడి అడిగారు. వీళ్ళు వాక్యం దగ్గర గట్టివాళ్ళు. ప్రసంగం చెయ్యడానికి మామూలు విశ్వాసిని అనుమతించి బల్ల దగ్గర ఆపడమేంటి, బల్ల వాక్యం కంటే పెద్దదా అని వాళ్ళ వాదన. 1999లో సిడ్నీ సినడ్ (సంఘ ప్రతినిధుల సభ) అందుకు చట్టం చేసింది. అప్పటి ఆర్చిబిషప్పు హ్యారీ గుడ్‌హ్యూ సంతకం పెట్టలేదు. 2008లో మళ్ళీ తీర్మానం. 2010లో ఆస్ట్రేలియా ఆంగ్లికన్ సంఘపు అప్పీలు ట్రిబ్యునల్ కుదరదని అభిప్రాయం చెప్పింది.

కానీ నాకు ఒకటి తేడా అనిపిస్తుంది. ఇక్కడ పాస్టర్లకు కొదవ లేదు. గుడికి ఇద్దరు ముగ్గురున్న చోట్లున్నాయి. ఇక్కడిది సిద్ధాంతం మీద వాదన. మీ ఊళ్ళోది ఆకలి. ఒకదానికి చెప్పిన జవాబు రెండోదానికి అతికించలేం.

పాత_పాస్టరేటు
సోమవారం, రాత్రి 8:05

నేను 31 ఏళ్ళు గురువుగా పనిచేసి దిగిపోయాను. ఆ గురువారం వచ్చిన అయ్యగారి స్థానంలో నేనూ చాలాసార్లు ఉన్నాను కాబట్టి రాస్తున్నాను.

నా సంచిలో ఏముండేదో చెప్తాను. ఒక స్టీలు గిన్నె, పళ్ళెం, రెండు తెల్లగుడ్డలు, రసం సీసా. మా అమ్మగారు నల్ల ఎండుద్రాక్ష నానబెట్టి, ఉడకబెట్టి, వడకట్టి పోసేది. ఆదివారం పొద్దున ఆరింటికి ఒక ఊరు, పదింటికి ఒకటి, మూడింటికి ఇంకొకటి. మూడో ఊరికి చేరేసరికి గొంతు పోయేది. ఆ ఊరివాళ్ళు మాత్రం అప్పుడే స్నానాలు చేసి తెల్లబట్టలు కట్టుకుని కూచునేవాళ్ళు.

ఇక విషయం. గురువు చెయ్యి పడితేనే రొట్టెలోకి ఏదో శక్తి దిగుతుందని మనం చెప్పం. ఆంగ్లికన్ల 39 విశ్వాస సూత్రాల్లో 26వది, సేవకుడు అయోగ్యుడైనా సంస్కారపు ఫలం పోదంటుంది. అంటే శక్తి మనిషిది కాదు. మరి గురువే ఎందుకు? బల్ల ఆ ఊరి గుడి ఒక్కదానిది కాదు కనుక. అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ రెండో శతాబ్దం మొదట్లో స్ముర్న సంఘానికి రాస్తూ, బిషప్పు గానీ ఆయన అప్పగించినవాడు గానీ జరిపిన బల్లనే సరైనదిగా ఎంచమన్నాడు. ఎవరికి వాళ్ళు బల్ల వేసుకుంటే రేపు మాలల బల్ల వేరు, మాదిగల బల్ల వేరు అవుతుంది. అవ్వదంటారా? గుడులే అయ్యాయి కదా కొన్ని ఊళ్ళలో.

ఉపదేశి_కొడుకు
సోమవారం, రాత్రి 8:31

అయ్యగారూ, వందనాలు. "ఆయన అప్పగించినవాడు" అని మీరే రాసిండ్రు. మా నాయినకు ఎవరూ అప్పగించలేదు, అంతే గదా తేడా? అప్పగించొచ్చు గదా?

పాత_పాస్టరేటు
సోమవారం, రాత్రి 8:50

పట్టుకున్నావు బాబూ. రేపు రాస్తాను.

మెదక్_మేరీ
మంగళవారం, ఉదయం 10:15

మాది మెథడిస్టు మూలం. బ్రిటన్ మెథడిస్టుల్లో ఇప్పటికీ ఒక పద్ధతుంది. ఒక ప్రాంతంలో సేవకులు చాలక జనం బల్లకు దూరమైపోతున్నారని తేలితే, వాళ్ళ పై సభ అయిన కాన్ఫరెన్సు ఫలానా విశ్వాసికి, ఫలానా సర్క్యూట్‌లో (కొన్ని గుళ్ళ గుంపు), ఇంత కాలానికి అని అనుమతి ఇస్తుంది. ఎవరికి పడితే వాళ్ళకి కాదు, ఎప్పటికీ కాదు. లేమి తీరేదాకానే.

ఈ సంఘాలన్నీ కలిసి సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) కావాలని ఐక్యత మాటలు నడిచిన రోజుల్లో కూడా ఇదే పెద్ద ముడి. దక్షిణ భారత ఐక్య సంఘం, అంటే ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్ళు, అభిషేకం లేనివాళ్ళు కూడా బల్ల ఇవ్వొచ్చన్నారు. ఆంగ్లికన్లు ససేమిరా అన్నారు. 1919లో తరంగంబాడిలో మొదలైన మాట 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్లో ముగిసింది. 28 ఏళ్ళు! పెళ్ళి మాటలు కూడా అంత సాగవు. అజరయ్య గారు చూడకుండానే 1945 జనవరి 1న పోయారు.

ఇంకోటి, కులం సంగతి వచ్చింది కాబట్టి. మా అమ్మమ్మ చెప్పేది, వాళ్ళ ఊళ్ళో కొందరు గిన్నె ముందుగా తమ వరసకే రావాలని గుళ్ళో ముందు కూచునేవాళ్ళట, ఎంగిలి తగలకుండా. ఒకరోజు అయ్యగారు వెనక వరస నుంచి మొదలుపెట్టారు. ఆ రోజు ముందు వరసలో నలుగురు లేచి పోయారు. రెండు నెలల తర్వాత బల్లకు ముగ్గురు తిరిగొచ్చారు. "నాలుగోవాడు?" అంటే అమ్మమ్మ నవ్వేది, చెప్పేది కాదు.

బాప్టిస్టు_బిడ్డ
మంగళవారం, ఉదయం 10:44

మేరీ గారూ, అందుకే మేం చిన్న గ్లాసులు పెట్టుకున్నాం 😀 ఎవరి ఎంగిలి వారిది.

మెదక్_మేరీ
మంగళవారం, ఉదయం 10:52

బ్రదర్, అక్కడే నాకు అభ్యంతరం. "రొట్టె యొక్కటే గనుక అనేకులమైన మనము ఒక్క శరీరమై యున్నాము" అని పౌలు రాసింది కొరింథీయులకు. అక్కడ ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి తూలుతున్నాడు. ఉన్నవాడు ముందు తినేసేవాడు. "అయోగ్యముగా" అన్న మాటను మనం సిగరెట్టుకీ సినిమాకీ అతికించాం, ఆ అధ్యాయంలో ఉన్నది మాత్రం పక్కవాణ్ణి చిన్నచూపు చూడడం.

నిర్వాహకుడు
మంగళవారం, ఉదయం 11:30

గిన్నె వర్సెస్ గ్లాసు చర్చకు వేరే దారం ఉంది, 212 వ్యాఖ్యలు దాటింది, దయచేసి అక్కడికి వెళ్ళండి. ఇక్కడ మొదటి ప్రశ్న మీదే ఉందాం.

లెస్టర్_లూకా
మంగళవారం, సాయంత్రం 6:18

ఇంగ్లండు నుంచి. మధ్యేమార్గం ఒకటి ఉంది కదా, ఎవరూ అనలేదేం? పాస్టరేటు కేంద్రంలో ఆదివారం అయ్యగారు బల్ల జరుపుతారు. అక్కడ ప్రతిష్ఠించిన రొట్టె, రసం ఉపదేశులు పట్టుకెళ్ళి తమ ఊళ్ళో పంచుతారు. మా చర్చ్ ఆఫ్ ఇంగ్లండులో 2001 నుంచి దీనికి ఆమోదం పొందిన క్రమమే ఉంది, బిషప్పు అనుమతితో చెయ్యొచ్చు. కొత్తదేం కాదు. రెండో శతాబ్దం నడిమిలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రోములో కూచుని రాశాడు, ఆదివారం బల్ల అయ్యాక రానివాళ్ళకు డీకన్లు (సంఘ పరిచారకులు) పట్టుకెళ్ళి ఇస్తారని.

ఆ ముసలమ్మకు అలా అందేది.

గుడిగంట
మంగళవారం, రాత్రి 7:40

లూకా గారూ, 28వ సూత్రం చూడండి. సంస్కారాన్ని దాచిపెట్టడం, మోసుకుతిరగడం, ఎత్తి చూపడం, పూజించడం క్రీస్తు నియమం కాదని ఉంది. మిగిలింది అక్కడే భక్తితో తినేసి తాగెయ్యమని 1662 క్రమం.

లెస్టర్_లూకా
మంగళవారం, రాత్రి 8:02

మాస్టారూ, ఊరేగింపులకూ పూజకూ భయపడి రాసిన మాట అది. దానికి ముందు 1549లో ఆర్చిబిషప్పు క్రాన్మర్ చేసిన మొదటి ప్రార్థన పుస్తకంలోనే, గుళ్ళో బల్ల జరిగిన రోజే అందులోంచి కొంత తీసి రోగికి ఇవ్వొచ్చని ఉంది. 1552లో తీసేశారు. ఆ మూడేళ్ళలో ఎంత మారిందో రొట్టె ఇచ్చేటప్పుడు పలికే మాటలు చూస్తే చాలు. 1549లో "నీ కొరకియ్యబడిన ప్రభువు శరీరము నీ దేహాత్మలను కాపాడును గాక" అన్నట్టు ఉంటుంది. 1552లో దాన్ని కొట్టేసి, "జ్ఞాపకము చేసికొనుచు దీనిని తినుము" అన్నట్టు పెట్టారు. 1559లో ఎలిజబెత్ కాలంలో ఏం చేశారు? రెండూ కలిపి ఒకదాని వెనక ఒకటి కుట్టేశారు. శరీరం అన్నవాడికి మొదటి సగం, జ్ఞాపకం అన్నవాడికి రెండో సగం. ఇద్దరూ ఒకే బల్ల ముందు మోకరించాలి. ఆంగ్లికన్ అంటే ఏంటి అని ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్క వాక్యం చూపిస్తాను.

గుడిగంట
మంగళవారం, రాత్రి 8:25

అది కుట్టా, అతుకా అన్నది వేరే సంగతి. 😊 కానీ బాగా చెప్పారు.

నాకున్న అనుమానం సూత్రం గురించి కూడా కాదు. డబ్బాలో వచ్చిన రొట్టె తింటే మన ఊళ్ళో బల్ల జరగనట్టే ఉంటుంది. మన క్రమంలో అయ్యగారు బల్ల వెనక నిలబడి జనం వైపు చూస్తారు. సమాధానం (శాంతి పలకరింపు) చేతిలోంచి చేతిలోకి వరసగా వస్తుంది, మోమాటంగా అటూ ఇటూ చూసుకుంటూనే రెండు చేతులతో పట్టుకుంటారు. 1950లో సి.ఎస్.ఐ. క్రమం రాసినప్పుడు కేరళ సిరియన్ల దగ్గర నుంచి తెచ్చుకున్నారది. ఇంగ్లండుకు ఆ తర్వాతే ఎక్కింది, లూకా గారికి తెలిసే ఉంటుంది. రొట్టె విరవడం కళ్ళతో చూడాలి. చప్పుడు వినాలి.

నంద్యాల_నీలిమ
బుధవారం, ఉదయం 6:30

రెండు రోజులుగా చదువుతున్నా. మగవాళ్ళందరూ రొట్టెను ఎలా మోసుకెళ్ళాలా అని ఆలోచిస్తున్నారు. మనిషిని గురించి అడగరేం?

1941లో డీకనెస్సు (సంఘ పరిచారకురాలు) అయిన లీ టిమ్ ఓయ్ అనే ఆమె మకావు సంఘాన్ని చూసుకునేది. యుద్ధం. హాంకాంగు జపాను చేతిలో పడింది. మకావు పోర్చుగీసు వాళ్ళది కాబట్టి అక్కడికి శరణార్థులు గుంపులు గుంపులుగా వచ్చారు. బల్ల ఇవ్వడానికి గురువు రాలేని పరిస్థితి. మీ ఊరి సమస్యే తమ్ముడూ, ఇంకా పెద్దగా. హాంకాంగు బిషప్పు రొనాల్డ్ హాల్ ముందు ఆమెనే బల్ల ఇవ్వమని అనుమతిచ్చాడు. తర్వాత ఆయనకే అది సరిగా తోచలేదు. ఒక మనిషి గురువు పని అంతా చేస్తుంటే అనుమతి చీటీ ఇచ్చి సరిపెట్టడమేంటి? జపాను సైన్యాల నడుమ దారి చేసుకుంటూ ఆమె చైనా లోపలికి ప్రయాణం చేసింది. 1944 జనవరి 25న ఆమెకు గురువుగా అభిషేకం చేశాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి మహిళా గురువు. యుద్ధమయ్యాక పెద్దలంతా మండిపడ్డారు. 1946లో ఆమె తన లైసెన్సు వదులుకుంది, అభిషేకం మాత్రం వదులుకోలేదు. 1971లో హాంకాంగు దాన్ని గుర్తించింది.

ఆడవాళ్ళ హక్కుల కోసం చేశాడని అంటారు. కాదు. బల్ల లేక జనం పస్తులున్నారని చేశాడు. నిజానికి మా నంద్యాల వైపు ఆంగ్లికన్లు 1947లో సి.ఎస్.ఐ.లో చేరనే లేదు, పాత పద్ధతి పోతుందని భయపడి. 1970ల్లోగానీ చేరలేదు. అదే నంద్యాలకు 2013లో పుష్పలలిత గారు బిషప్పు అయ్యారు, సి.ఎస్.ఐ. మొత్తానికే మొదటి మహిళా బిషప్పు. భయపడ్డవాళ్ళ మనవలే చప్పట్లు కొట్టారు.

కాబట్టి ఉపదేశి బల్ల ఇవ్వొచ్చా అని కాదు, 27 ఏళ్ళు సంఘాన్ని కాచినవాడికి అభిషేకం ఎందుకివ్వలేదు అని అడగండి.

సిడ్నీ_సుధ
బుధవారం, ఉదయం 7:15

అక్కా!! 👏

పాత_పాస్టరేటు
బుధవారం, రాత్రి 9:10

బాబుకు బాకీ ఉన్న జవాబు ఇది. నీలిమ గారు నా పని సగం చేశారు.

ఉత్తర చైనాలో ఎస్.పి.జి. (ఇంగ్లండు ఆంగ్లికన్ల మిషను) మిషనరీగా పనిచేసిన రోలండ్ అలెన్ 1912లోనే ఇది రాశాడు. పౌలు బర్నబాలు "ప్రతి సంఘములో వారికి పెద్దలను ఏర్పరచి" ముందుకెళ్ళిపోయారు. వాళ్ళు బయటినుంచి జీతగాళ్ళను తెప్పించలేదు, ఆ ఊరివాళ్ళనే నిలబెట్టారు. ఊరి పెద్దకు అభిషేకం ఇస్తే ఏ ఊరూ బల్ల లేకుండా ఉండదు. ఆయన పొలం ఆయన చేసుకుంటాడు, జీతం అక్కర్లేదు.

నేనూ ఒకప్పుడు మా ఉపదేశి ఒకరి పేరు పైకి పంపాను. "డిగ్రీ లేదు" అని తిరిగొచ్చింది. రెండోసారి పంపితే "అభిషేకం ఇస్తే జీతం స్కేలు అడుగుతాడు, ఇంకొకడూ అడుగుతాడు" అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు, అందుకే కోపం వచ్చింది. ఇంకో చిక్కు కూడా ఉంది, దాన్ని మనం దాచకూడదు. అదే ఊరివాడు గురువైతే బల్ల ఇవ్వడమే కాదు, ఆపడం కూడా అతని చేతికి వస్తుంది. పొలం గట్టు తగాదా ఉన్న తమ్ముణ్ణి బల్ల దగ్గర ఆపితే? బయటి అయ్యగారైతే వారానికో మాట పడి, మూడేళ్ళకు బదిలీ అయిపోతాడు. ఊరివాడు ఎక్కడికి పోతాడు?

అయినా, తూచి చూస్తే, అభిషేకం ఇవ్వడమే సరి అంటాను. ఆ ముసలమ్మ తూకంలో ఉంది కాబట్టి.

ఉపదేశి_కొడుకు
బుధవారం, రాత్రి 9:33

అయ్యగారూ, ఇది మా నాయినకు చదివి వినిపిస్త.

ఉపదేశి_కొడుకు
పై ఆదివారం, రాత్రి 10:05

చదివి వినిపించిన. లీ టిమ్ ఓయ్ దగ్గర మళ్ళీ చదువు అన్నడు. అంతకు మించి ఏం మాట్లాడలేదు.

ఇయ్యాల మా ఊరికి బల్ల వచ్చింది. అయ్యగారు మూడో ఊరు ముగించుకొని నాలుగున్నరకు వచ్చిండ్రు, బండి మీద బురద. ఎవరూ ఇంటికి పోలే, అట్లనే కూసున్నరు. ప్రభువా, మీ బల్ల కింద పడ్డ ముక్కలు ఏరుకొనుటకైనను పాత్రులము కామని చెప్పే ప్రార్థన మా వాడల చదువురాని ముసలోళ్ళకు గూడ నోటికొస్తది, పుస్తకం చూసేటోళ్ళే తడబడతరు.

అయ్యగారు గొంతు పోయి, గిన్నె నాయిన చేతికి ఇచ్చిండ్రు, నువ్వు పట్టుకొని రా అన్నరు. ఎప్పుడూ పట్టేదే. ఇయ్యాల నేను చూసుకుంట నిలబడ్డ. ఒక్కొక్కరు తాగినంక గుడ్డతో అంచు తుడిచి, గిన్నె కొంచెం తిప్పి, పక్కోళ్ళకు వంచుతుండు. ఆ ముసలమ్మ కూచునే జాగకు వచ్చినంక అక్కడ ఎవరూ లేరు. ఒక అడుగు ఆగిండు. గుడ్డతో అంచు తుడిచిండు, గిన్నె తిప్పిండు, పక్కామెకు వంచిండు.

మిగిలింది అయ్యగారు తాగి, ఆఖరి గుక్క నాయినకు ఇచ్చిండ్రు. గిన్నె నాయినే కడిగిండు.

పోయేటప్పుడు అయ్యగారిని అడిగిన, మళ్ళీ ఎప్పుడని. కోత పండుగ అయినంక అన్నరు. తారీఖు ఇంకా చెప్పలేదు.

నంద్యాల_నీలిమ
పై ఆదివారం, రాత్రి 10:20

తారీఖు వస్తే ఇక్కడ రాయి తమ్ముడూ. ఆ నెలలో ఖమ్మం దాకా పనుంది నాకు. మీ గుడికి వస్తాను.